సున్న వచ్చిన జిల్లా

ఫ్లెక్సీలు వచ్చినాక
మా నాయన మద్దయ్య బ్రష్షులు
కిరసనాయిలు డబ్బాలో నిలబడే నిద్రపోయినాయి
ఎనిమిదేండ్లు.

జిల్లా రెండయిన ఎండాకాలం
ఎవరో కాంట్రాక్టరు మా గడప ముందర బండాపి
"నలభై ఒక్క బోర్డు, రాస్తావా?" అన్నాడు.
వెల్దుర్తి బస్టాండులో
కలెక్టరాఫీసు ఎవరికి దూరమాయ, ఎవరికి దగ్గరాయ అని
టీ గ్లాసులు పగిలేట్టు వాదించుకుంటాండ్రి.
మా ఇంట్లో మాత్రం
జిల్లా చీలిందంటే
ఆదివారం పొట్టేలు కూర.

మా ఊరు ఇటే ఉండిపాయ, కర్నూలులో.
వంక దాటితే అవతలిది కొత్తది.
వంకలో నీళ్లుంటే కదా
గీత ఎక్కడుందో మేకలకు తెలిసేది.
పొద్దున ఒక జిల్లాలో తుమ్మకాయలు మేసి
సాయంత్రం ఇంకో జిల్లాలో పిక్కలేస్తాయి.

పని చూస్తే చిన్నదే.
ఊరి పేరు ముట్టుకోగూడదు.
మండలం అట్లే ఉంచల్ల.
అడుగు వరుసలో తెల్లరంగు కొట్టి
ఆరినాక కొత్త పేరు.
మొదటి బోర్డు ముందర నాయన
బీడీ అయిపోయేదాక నిలబడినాడు.
"కర్నూలులో సున్న లేదు మే.
నంద్యాలకుంది చూడు.
న అనంగానే సున్నే!"
ఆ పొద్దు ఇద్దరం నవ్వినాం.

ఒకచోట తుప్పు పట్టిన రేకును గీకితే
జిల్లా కింద ఇంకో జిల్లా,
దాని కింద సమితి,
ఇంకా అడుగున, నీలం రంగులో, తాలూకా.
లూ దీర్ఘం మేకపోతు కొమ్ము మాదిరి వంగి.
ఖాజామియా చెయ్యి అది.
ఆయప్ప దగ్గరే నాయన
బ్రష్షు పట్టడానికి ముందు బ్రష్షు కడగడం నేర్చింది.
ఆ పూట ఇంగొక బోర్డు రాయలే.
సద్ది మూట విప్పకుండానే ఇంటికి తెచ్చినాడు.

నాకేమో గ్రూపు పరీక్ష.
రాత్రి లైటు కింద గట్టిగా చదువుకుంటాంటి.
భూటాన్, ఇరవై జిల్లాలు.
పారో, పునాఖా, ట్రోంగ్సా, హా...

"హా నా? అదొక జిల్లానా?"
"ఔ నాయనా."
"ఒకటే అక్షరమా!
అక్షరానికింత అని లెక్కేసుకునే పెయింటరుకు
ఆ జిల్లాలో పస్తే."

కాసేపు తర్వాత, చీకట్లోంచి:
ఆ దేశంలో బోర్డులు రేకువా, చెక్కవా?
పేరు మారితే పాతదాని మీదే రాస్తారా,
పాతది తీసి యాడన్నా దాస్తారా?
పుస్తకంలో లేదు అంటి.
లేకపోతే ఎట్ల మే, అన్నాడు,
పరీక్ష పెట్టేవాళ్ల మీద కోపంగా.

బిల్లుకు పాత ఆఫీసుకు పోతే
బోర్డులు అవతలివి, అవతల అడుగు అన్నారు.
అవతలికి పోతే
పని చెప్పింది పాతోళ్లు కదా అన్నారు.
మూడు నెలలు నాయన వంక దాటి పోయినాడు,
వంక దాటి వచ్చినాడు.
మేకలకు తెలీని గీత
ఆయన మోకాళ్లకు తెలిసింది.
సున్న మాట మళ్లా ఎత్తలే.

తొలి వానకు తెల్లరంగు పలచబడి
నంద్యాల వెనక నుంచి
నా వత్తో, రా వత్తో ఏదో తొంగిచూస్తాందని
బస్సులో ఎవరో అనుకుంటాండ్రి.
ఇంటికొచ్చి చెప్తే
"చవక రంగు" అన్నాడంతే.
మొగంలో చూస్తి, బాధ లేదు.

మిగిలిన ఎరుపుతో
మా గడప ముందరి నాపబండ మీద రాసినాడు:
హా.
దీర్ఘం కొసను కొమ్ము మాదిరి వంచి.
ఎవరిచ్చినారు డబ్బులు అని అమ్మ అడిగితే
ఒక అక్షరానికేం అడుగుదునులే అన్నాడు.

అమ్మ ముగ్గు ఇప్పుడు దాని చుట్టూ తిరిగి పోతాది.
కోచింగుకు ఏడింటి బస్సు అందుకోడానికి ఉరుకుతా
నేను ఆ జిల్లాను ఒక్క అంగలో దాటుతాను,
రంగు ఇంకా తడారనట్టు
కాలు ఎత్తి.